బల్లకు ముందు వారం

పటిక ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని కెజియా బిందెలో నీళ్లు తిప్పుతోంది. చెయ్యి మోచేతి దాకా తడిసింది. వేసవి ముదిరి మంచినీళ్ల చెరువు అడుక్కి పోయింది. బిందెలోకి వచ్చేటప్పటికి నీళ్లు టీ రంగులో ఉంటున్నాయి. పటిక ఎక్కువ తిప్పితే నీళ్లకు వగరు పడుతుంది, తక్కువ తిప్పితే మట్టి దిగదు. సుడి ఆగేదాకా చూసి, మరొక్కసారి తిప్పి, ముక్కను కిటికీ మీద ఆరబెట్టింది. అమ్మ ఉన్నప్పుడు రోజూ రెండు బిందెలు చాలేవి కావు. ఇప్పుడు ఒకటి తెస్తే మర్నాటికి కూడా మిగులుతోంది.

వీధిలో మోటారు సైకిలు ఆగింది.

"వందనాలండీ కెజియాగారూ!"

కొత్త పాస్టరు అజయ్ అయ్యగారు. తాడేపల్లిగూడెం వైపు మనిషి, బైబిలు కాలేజీ నుంచి నేరుగా ఈ కొల్లేటి ఊరి సంఘానికి వచ్చాడు. వచ్చి రెండు నెలలు కాలేదు. బూట్లు ఎక్కడ విప్పాలో ఇంకా తేల్చుకోలేక ప్రతి ఇంటి ముందూ అటూ ఇటూ చూస్తాడు. కెజియా చెయ్యి తుడుచుకుని, కుట్టుమిషను పక్కన కుర్చీ మీదున్న జాకెట్టు ముక్కలు తీసి, కూర్చోమంది.

"మంచినీళ్లు ఇవ్వమంటారా అండి? ఇవి ఇంకా తేరుకోలేదు. కుండలో నిన్నటివి ఉన్నాయి."

"ఇవ్వండమ్మా. పొద్దుటి నుంచి ప్రతి ఇంట్లోనూ టీయే ఇస్తున్నారు. కాదంటే బాధపడతారు, తాగితే నా కడుపు బాధపడుతోంది." నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఈ ఆదివారం ప్రభువు బల్ల కదా. ఇల్లిల్లూ తిరిగి అందరినీ సిద్ధపరుస్తున్నాను."

"రొట్టెకి మైదా, రసానికి ఎండుద్రాక్ష తెచ్చి పెట్టానండి. ద్రాక్ష శనివారం నానేస్తాను."

"దాని కోసం రాలేదమ్మా." అతను కొంచెం ముందుకు వంగాడు. "ఈస్టరు బల్ల రోజు చూశాను. రొట్టె మీరే చేసి తెచ్చారు. విరిచి అందరికీ ఇస్తూ మీ దగ్గరికి వచ్చాను. మీరు తల వంచుకుని కూర్చున్నారు. చూసుకోలేదేమో అనుకుని పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రసం కప్పుల ట్రే పట్టుకుని వెనక వస్తున్న జ్ఞానయ్యగారు మోచేత్తో పొడిచారు, ముందుకు నడవండని."

"చూశానండి. మీ చొక్కా మీద ద్రాక్షరసం ఒలికింది."

"మా ఆవిడ ఆ మరకకి ఇంకా తిడుతూనే ఉంది." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "సుందరరావుగారితో మీకు సమాధానం లేదట కదా, మాట పట్టింపట?"

సుందరరావు సంఘపెద్ద. మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయాడు. కెజియాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే.

"ఎవరు చెప్పారండి?"

"ఆయనే. 'ఆ అమ్మాయి నా మీద కోపం పెట్టుకుంది, నా మనసులో ఏమీ లేదు' అన్నారు."

"ఆయన మనసులో ఏముంటుందండి." కెజియా మిషను ముందు కూర్చుని ఒక జాకెట్టుకు హుక్సు కుట్టడం మొదలుపెట్టింది. చేతులు ఊరికే ఉంటే ఆమెకు మాట రాదు. "మా అమ్మ గురించి చెప్పారా?"

"చెప్పారు. జబ్బులో ఉండగా ఎవరో ద్వారకా తిరుమల తీసుకెళ్లి తలనీలాలు ఇప్పించారనీ, సంఘం బల్లకు దూరంగా పెట్టిందనీ, ఆ తర్వాత కొన్నాళ్లకే వెళ్లిపోయారనీ."

"ఇప్పించలేదండి. జుట్టు మందులకి ఊడిపోయింది."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"క్యాన్సరుకి బెజవాడలో సెలైనులో ఎర్రమందు ఎక్కించేవాళ్లండి. రెండోసారి ఎక్కించాక దిండు నిండా జుట్టే. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఇంత దూరం తిరిగే ఓపిక అమ్మకి లేదు. ద్వారకా తిరుమలలో జగదాంబగారని, అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. వాళ్లకి కొండ కింద కొబ్బరికాయల కొట్టుంది. మా ఇంట్లో ఉండండని తీసుకెళ్లింది. అన్నంలో కూడా వెంట్రుకలు పడుతుంటే అమ్మ తినలేకపోయేది. జగదాంబగారు, 'ఇక్కడ గుండ్లు చేసేవాళ్లు ఎంతమందో ఉన్నారే, ఒకర్ని పిలిపిస్తాను' అంది. వద్దన్నానండి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని. వాళ్ల పెరట్లో తలుపేసుకుని నేనే తీశాను." సూది ఆగింది. "అంత జాగ్రత్త పడ్డాను."

"ఈ సంగతి సంఘానికి చెప్పలేదా?"

"చెప్పకేమండి. గుండుగొలను స్టేజీలో మేం దిగింది ద్వారకా తిరుమల బస్సులోంచి. అమ్మకేమో గుండు. ఇంక నా మాట ఎవరు వింటారు? ఆసుపత్రి కాయితాలు చూపిస్తే, 'జబ్బుకి మందూ వాడతారు, మొక్కూ తీర్చుకుంటారు' అన్నారు సుందరరావుగారు. జగదాంబగారిని తీసుకొచ్చి చెప్పిస్తానన్నాను. కొండ కింద కొబ్బరికాయలు అమ్ముకునే ఆవిడ సాక్ష్యం మన సంఘానికెందుకన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మని లేచి నిలబడమన్నారు. ఎవరికి మొక్కావని అడిగారు."

"ఆవిడేమన్నారు?"

"'ఇన్నేళ్లుగా నన్ను చూస్తున్నారుగా' అంది. అంతే. కూర్చుంది." కెజియా దారం పంటితో తెంపింది. "పోయినప్పుడు గంట కొట్టలేదండి. చర్చిలోకి తీసుకురానివ్వలేదు."

ఆ ఊళ్లో ఎవరు పోయినా చర్చి గంట కొడతారు. తాగి పడిపోయినవాడికీ కొడతారు. వచ్చిన కొత్తలోనే అజయ్ ఒకసారి విన్నాడు.

"క్షమించడం వాళ్ల కోసం కాదమ్మా, మన కోసం," అన్నాడు చివరికి. ఆ మాట తన చెవికే పాఠంలా వినిపించిందో ఏమో, గొంతు తగ్గించాడు. "మీరు బల్లకు వస్తే సండేస్కూలు కూడా మళ్లీ మీకే ఇప్పిస్తాను. పిల్లలు నన్ను నిలదీస్తున్నారు, కెజియా టీచరు ఏదని. బల్లకు రానివాళ్లు పిల్లలకి బోధించకూడదని పెద్దలు తీర్మానం చేసుకున్నారట."

"మరి రొట్టె చెయ్యొచ్చా అండి?"

ఆమె ఎత్తిపొడవలేదు, అడిగింది. అతను ఇబ్బందిగా చెవి గోక్కున్నాడు.

"నేనూ అదే అడిగాను. 'రొట్టె చెయ్యడం వంటపనండీ, బోధ కాదు' అన్నారు జ్ఞానయ్యగారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఎక్కువసేపు నవ్వలేదు.

"ఏం చేస్తే మీకు సమాధానం అవుతుందమ్మా? నాకు చెప్పండి."

"మా అమ్మ, దీనమ్మ, ఆ పని చెయ్యలేదని ఆయన అనాలండి. ఎక్కడ నిలబెట్టి అడిగారో అక్కడే నిలబడి, ఎవరి ముందు అడిగారో వాళ్ల ముందే అనాలి. క్షమించమని అడగక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు."

అతను ప్రార్థన చేసి లేచాడు. బండి చప్పుడు దూరమయ్యాక వీధిలో పిల్లలు పరిగెత్తుకుంటూ పోయారు. సండేస్కూలు పాటేదో గొంతు చించుకుని పాడుతున్నారు. చేప వలలో పడే చోట రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాలి. అది ఆమె నేర్పిందే. ఇంట్లో ఒంటరిగా ఉన్న కెజియా చేతులు ఒళ్లో నుంచి కొంచెం లేచి, మళ్లీ జాకెట్టు మీదికి దిగాయి.

*

మర్నాడు మధ్యాహ్నం, ఎండకు కోళ్లు కూడా అరుగు కిందికి చేరిన వేళ, పెరటి తలుపు ఎవరో గోటితో గీకినట్టు కొట్టారు.

విక్టోరియా. సుందరరావు భార్య. ఈమధ్య చర్చిలో కనిపించడం లేదు. గ్యాస్ ట్రబులనీ, ఏలూరులో కూతురి దగ్గరికి వెళ్లి చూపించుకుని వస్తోందనీ ఊళ్లో అనుకుంటున్నారు. కాలవగట్టు వెంట వచ్చినట్టుంది, కాళ్లకు బురద. ఆ ఎండలో చీర కొంగు తల చుట్టూ చెవులు మూసుకుపోయేలా బిగించుకుంది. దీనమ్మ పోయాక ఆవిడ ఈ ఇంటి గడప తొక్కలేదు. అంతకుముందు కెజియా ఆవిడను పిన్నిగారూ అనేది.

"ఎవరన్నా ఉన్నారా లోపల?"

"ఎవరుంటారండి. రండి."

విక్టోరియా కుర్చీలో కూర్చోలేదు. గోడకు చేరబడి నేల మీద కూలబడింది. మిషను తొక్కుతున్న కెజియా పాదం వైపు కాసేపు చూసింది.

"మీ అమ్మకి ఎన్నోసారి ఎక్కించాక ఊడింది?"

కెజియా పాదం ఆగిపోయింది.

విక్టోరియా కొంగు తీసింది. తల మీద కొన్నిచోట్ల జుట్టు ఉంది, కొన్నిచోట్ల లేదు. ఉన్నది కూడా కొంగుతో పాటు కొంత ఊడి వచ్చింది. ఆ వెంట్రుకలను ఏం చెయ్యాలో తెలియక గుప్పిట్లో పట్టుకుంది.

"రొమ్ములో గడ్డ. మట్టలాదివారం ముందు తేలింది. బయట అనొద్దన్నారు ఆయన."

"ఎర్రమందేనా అండి?"

"ఎర్రదే. చూస్తేనే వాంతి వస్తోంది."

"దానిమ్మ గింజలు చప్పరించండి, మందు ఎక్కేటప్పుడు. అమ్మకి పనిచేసింది." అనేశాక కెజియాకు అడగవలసిన మాట గుర్తొచ్చింది. "జుట్టు ఊడుతుందని డాక్టరు చెప్పాడా?"

"మొదటిరోజే చెప్పాడు. 'ఈ మందుకి జుట్టు రాలుతుందమ్మా, మళ్లీ వస్తుంది, భయపడకండి' అన్నాడు. ఆయన నా పక్కనే కూర్చున్నారు. నేను ఆయన మొహం చూశాను. ఆయన పైన తిరిగే ఫ్యాను చూస్తున్నారు. బెజవాడ నుంచి బస్సులో ఏలూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు."

మట్టలాదివారం ముందు, ఈస్టరుకు వారం పైనే ముందు. అంటే ఈస్టరు నాటికి ఆయనకు తెలుసు. ఈస్టరు బల్ల దగ్గర ప్రార్థన చేసింది ఆయనే. రొట్టె పళ్లెం కెజియా చేతుల్లోంచి అందుకున్నదీ ఆయనే. అందుకుంటున్నప్పుడు 'చల్లగా ఉండమ్మా' అన్నాడు కూడా.

"నీకు మనసొప్పితేనే," అంది విక్టోరియా. "ఇది తీసేస్తావా? మా అమ్మాయి చెయ్యి పెట్టలేక ఏడుస్తోంది. మంగలి షాపుకి నేనెలా పోతాను. మా ఆయన రేజరు తెచ్చాను." చేతిరుమాలు విప్పింది. కొత్త బ్లేడు కూడా ఉంది. "ఒప్పకపోతే చెప్పు, వెళ్లిపోతాను. తప్పుగా అనుకోను."

కెజియా లేచి వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అవి మరిగేదాకా అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది. మరిగాక చన్నీళ్లు కలిపి, కత్తెర కడిగి, పాత దుప్పటి ఒకటి తీసుకుని బయటికి వచ్చింది.

ముందు కత్తెరతో మొదలంటా కత్తిరించింది. తర్వాత సబ్బు నురగ పట్టించి, ఎడమ బొటనవేలితో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, నుదుటి దగ్గర నుంచి వెనక్కి చిన్న చిన్నగా లాగింది. ప్రతి లాగుడుకూ బ్లేడును నీళ్లలో ఝాడించింది. చెవుల వెనక చెవిని మడిచి పట్టుకోవాలి. మెడ పైన గుంట దగ్గర బ్లేడు తిప్పకూడదు, తలనే తిప్పాలి. ఇవన్నీ ఆమె చేతులకు తెలుసు. మందు పడ్డ తల మామూలు తల కాదు. ముట్టుకుంటే సెగ తగులుతుంది.

"పెళ్లిచూపుల్లో మా అత్తగారు నా జడ పట్టుకుని లాగింది, తెలుసా," అంది విక్టోరియా, తల వంచుకునే. "సవరమేమోనని. ఇప్పుడుంటే ఏమనేదో."

"సవరం కాదని ఒప్పుకునేదండి."

విక్టోరియా భుజాలు నవ్వుతో కదిలాయి. "కదలకండి," అంది కెజియా. అప్పటికే చెవి పక్కన చిన్న గాటు పడింది. పటిక తెచ్చి అద్దింది.

"ఆరోజు నేనూ చర్చిలో ఉన్నాను కెజియా. ఆడవాళ్ల వైపు, ముందు చాప మీద."

"తెలుసండి."

"నేనూ మొక్కేననుకున్నాను. మీ అమ్మ నా వైపు చూస్తే మొహం తిప్పుకున్నాను."

కెజియా బ్లేడు ఝాడించింది. ఫరవాలేదు అనలేదు. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

"ఆయనతో అంటాను," అంది విక్టోరియా. "శనివారం సిద్ధపాటు కూటంలో అందరి ముందూ చెప్పమంటాను. ఆయన చెడ్డవాడు కాదమ్మా. భయం."

"దేనికండి భయం?"

"ఒకటి తప్పని ఒప్పుకుంటే మిగతా తీర్పులన్నీ తిరగదోడతారని. అందుకే నన్ను కూడా జుట్టు వచ్చేదాకా చర్చికి రావద్దన్నారు."

"మీరేమన్నారు?"

"నేనేమంటాను."

దుప్పటి దులిపి, వెంట్రుకలు కాగితంలో చుట్టి ఇస్తే విక్టోరియా ఆ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరచేత్తో తలంతా ఒకసారి తడుముకుంది. కొంగు మళ్లీ బిగించుకుని, వచ్చిన దారినే పోయింది.

*

శనివారం పొద్దుగూకేవేళకు కెజియా ద్రాక్ష కడిగి నానబెట్టి చర్చికి బయలుదేరింది. నడుస్తూ నడుస్తూ ఆయన ఆ మాట ఎలా అంటాడో ఊహించుకుంది. దీనమ్మగారు అంటాడా, దీనమ్మ అంటాడా? దీనమ్మ అన్నా ఫరవాలేదు. అమ్మ కంటే పెద్దవాడే. ఆ తర్వాత తను ఏమనాలి? ఏమీ అనక్కర్లేదు. రేపు పళ్లెం వచ్చినప్పుడు చెయ్యి చాపితే చాలు.

కూటానికి చాలామందే వచ్చారు. ట్యూబులైట్ల చుట్టూ పురుగులు. పాట అయ్యాక సుందరరావు ప్రార్థన చేశాడు. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. ఆయన ప్రార్థిస్తే నిద్రపోయే ముసలాళ్లు కూడా లేచి వింటారు. ఊరికోసం, వానకోసం, చేపల వేటకు పోయేవాళ్లకోసం ప్రార్థించాడు. తన ఇంట్లో కూడా ఒంట్లో నలతగా ఉందనీ, జ్ఞాపకం చేసుకోమనీ అన్నాడు.

అజయ్ వాక్యం చదివి, కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు మనిషితో సమాధానపడి రమ్మన్న సంగతి చెప్పాడు. రేపటి బల్లకు ముందు ఎవరికి ఎవరితో మాట పట్టింపు ఉన్నా ఇప్పుడే తేల్చుకోమన్నాడు. ప్రతి నెలా జరిగేదే. సత్తిబాబు లేచి, నీటి వంతు దగ్గర తమ్ముడిని తిట్టినందుకు క్షమించమన్నాడు. తమ్ముడు, "తిట్టు సరే, పార ఎప్పుడిస్తావు?" అన్నాడు. అందరూ నవ్వారు. కోడిపెట్ట గురించి మాటలు మానేసిన తోడికోడళ్లు, ఒకరినొకరు చూడకుండానే చేతులు కలిపారు.

అప్పుడు సుందరరావు లేచాడు.

మగవాళ్ల వైపు నుంచి మధ్య దారి దాటి ఆడవాళ్ల చాపల దగ్గరికి వచ్చాడు. అలా ఎప్పుడూ ఎవరూ రాలేదు. మాటలు ఆగిపోయాయి. ఆయన కెజియా ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"కెజియమ్మా. నేను పెద్దవాణ్ని, నువ్వు నా చేతుల్లో అక్షరాలు దిద్దుకున్నదానివి. అయినా నేనే వచ్చాను. తెలిసో తెలియకో నావల్ల నీకు ఏదైనా బాధ కలిగి ఉంటే, ప్రభువు నామంలో నన్ను క్షమించు తల్లీ."

"స్తోత్రం!" అన్నాడు జ్ఞానయ్య పెద్దగా. ఎవరో ముసలావిడ ముక్కు ఎగబీల్చింది. అజయ్ కళ్లు మెరిశాయి. అతను కెజియా వైపు చిన్నగా తల ఊపాడు, ఇంక అనేయండమ్మా అన్నట్టు.

కెజియా లేచి నిలబడింది. ఆయన కళ్లు నిద్ర లేక ఎర్రబడటం దగ్గర నుంచి కనిపిస్తోంది. అది నటన కాదు. క్షమించానండి అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. అంటే అయిపోతుంది. రేపు బల్ల, వచ్చే వారం నుంచి పిల్లలు. ఇంటికి వెళ్లేటప్పుడు ఈ ఆడవాళ్లంతా చెరోపక్కా నడుస్తారు.

"ఏ తప్పు గురించండి?" అంది.

ఆయన వినబడనట్టు చూశాడు.

"ఏ తప్పు గురించి అడుగుతున్నారండి?"

"అన్నీనమ్మా. ఏదైనా సరే."

"అన్నీ లేవండి. ఒక్కటే ఉంది."

ఆయన పెదవులు విడివడ్డాయి. ఒక్క క్షణం ఆ మాట వస్తుందనుకుంది. ఆయన తల తిప్పి, చాపల మీద కూర్చున్న వాళ్లందరినీ చూశాడు. ఎన్నో ఏళ్లుగా తన మాట విన్న మొహాలు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆయన కళ్లు ఆమె భుజం దాటి గోడ మీదికి పోయాయి.

"దేవుడికి తెలుసు కదమ్మా."

"దేవుడికి అప్పుడూ తెలుసండి. వీళ్లకే తెలియదు."

"చూశారా!" జ్ఞానయ్య లేచాడు. "పెద్దాయన వచ్చి దణ్ణం పెట్టినా లెక్కలేదు! ఇంకేం చెయ్యాలట, కాళ్ల మీద పడాలా?"

"దీని తల్లి కూడా ఇంతే," అంది వెనక చాప మీద ఒకావిడ. "నిలబెట్టి అడిగితే సమాధానం చెప్పకుండా కూర్చుంది."

ఒక్క మాట చాలు. పిన్నిగారి కొంగు కింద ఏముందో అడగండి, అంటే చాలు. ఆ మాట ఆమె నోట్లో వేడి అన్నంముద్దలా ఉండిపోయింది. సుందరరావుకు తెలిసిపోయినట్టుంది. ఆయన మొహంలో రక్తం లేదు. జోడించిన చేతులు విప్పడం మరచిపోయి అలాగే నిలబడ్డాడు.

కెజియా ఆ మాట మింగి కూర్చుంది.

"ప్రార్థన చేసుకుందాం," అన్నాడు అజయ్. ఏం ప్రార్థించాడో అతనికీ తెలిసినట్టు లేదు.

కూటం అయ్యాక ఆడవాళ్లు గుంపుగా ముందు నడిచారు. మామూలుగా కెజియా ఇంటి మలుపు దగ్గర ఒకరిద్దరు ఆగుతారు. ఆరోజు మలుపు దగ్గర నడక పెంచారు. వాళ్ల మాటలు గట్టు మీద చాలా దూరం వినిపించాయి.

*

ఆదివారం తెల్లవారగానే కెజియా ద్రాక్ష మరగబెట్టి, గుడ్డలో వేసి పిండింది. మైదాలో ఉప్పు, చెంచా నూనె వేసి గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి ఉంచింది. రొట్టె పలచగా వత్తి, గిన్నె అంచుతో గుండ్రంగా కోసి, విరవడానికి వీలుగా కత్తి మొనతో పైపైన గీతలు పెట్టింది. పెనం కింద మంట తగ్గించింది. బుడగ లేస్తే రొట్టె పాడవుతుంది. లేవబోయే ప్రతి చోటా మడిచిన గుడ్డతో అదిమింది.

రెండో రొట్టె కాలుతుండగా అజయ్ వచ్చాడు. ఈసారి లోపలికి రాలేదు. గడప బయటే బూట్లతో నిలబడ్డాడు.

"రాత్రంతా నాకు నిద్ర లేదమ్మా. మీరన్నదే నిజమని నా మనసు చెబుతోంది. కానీ పెద్దలు..." ఆగాడు. "వచ్చే నెల నుంచి రొట్టె జ్ఞానయ్యగారి కోడలు చేస్తుందట."

"మంట తగ్గించి కాల్చమనండి. వాళ్ల స్టవ్వు ఎక్కువ మండుతుంది."

"అమ్మా..."

"ఇవాళ్టికి ఇవి తీసుకెళ్లొచ్చా, వద్దా అండి?"

"ఇవాళ్టికి మీవే. ఎవరినైనా పంపిస్తాను. మీరు రావడం, రాకపోవడం..." అతను మాట పూర్తి చెయ్యలేక వెళ్లిపోయాడు.

వెళ్లకూడదని కెజియా అప్పటికే అనుకుంది. కప్పులు కడిగి ట్రేలో బోర్లించింది. రొట్టెలు పళ్లెంలో పేర్చింది. మొదటి గంట కొట్టారు. తలంటుకోవలసిన వేళకు ఆమె మిషను ముందు కూర్చుని, కుట్టడానికేమీ లేక, దారపు కండె తిప్పుతూ ఉండిపోయింది. వచ్చే నెల ఈవేళకు ఈ ఇంట్లో ఈ వాసన కూడా ఉండదు.

వీధి తలుపు దగ్గర నీడ పడింది. పళ్లెం కోసం ఎవరినో పంపారనుకుని లేచింది.

విక్టోరియా. ఈసారి వీధి వెంటే వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర, కొంగు తలకు బిగించి ఉంది.

"నిన్న ఏం జరిగిందో మా పక్కింటావిడ వచ్చి చెప్పింది. నీ పొగరు గురించి చెప్పడానికి వచ్చిందిలే," అంది. నడిచి వచ్చినందుకు ఆయాసపడుతోంది. "నా సంగతి ఎందుకు అనలేదు?"

"అది మీ సంగతి కదండి."

"అంటే నీ పని అయిపోయేది."

"అయ్యేదండి."

విక్టోరియా గోడకు చెయ్యి ఆనించుకుంది. "ఆయనతో శుక్రవారం అన్నాను. చెప్తానన్నారు. నిన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. చెప్పారా అంటే, క్షమాపణ అడిగానుగా అన్నారు."

"కూర్చోండి పిన్నిగారూ. నీళ్లిస్తాను."

విక్టోరియా కూర్చోలేదు. నీళ్ల తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది, కాళ్లు కడుక్కుంది. వచ్చి రొట్టెల పళ్లెం రెండు చేతులతో ఎత్తుకుంది.

"మిమ్మల్ని రావద్దన్నారు కదండీ," అంది కెజియా.

రెండో గంట మొదలైంది. వీధిలో పాటల పుస్తకాలు పట్టుకుని ఆడవాళ్లు చర్చి వైపు పోతున్నారు. పళ్లెం మీద కప్పే గుడ్డ కోసం కెజియా చుట్టూ చూసింది. అది ద్రాక్ష పిండాక ఊదారంగు మరకలతో దండెం మీద తడిగా వేలాడుతోంది. "ఉండండి, ఇంకోటి తెస్తాను, దుమ్ము పడుతుంది," అని పెట్టె వైపు కదిలింది.

విక్టోరియా ఆగలేదు. పళ్లెం ఒక చేత్తో గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో తల చుట్టూ బిగించిన కొంగు లాగేసింది. ఆ కొంగును రొట్టెల మీద పరిచి, అంచులు పళ్లెం కిందికి మడిచి పట్టుకుంది. చెవి పక్కన గాటు ఎండి సన్నటి గీతలా ఉంది.

"పిన్నిగారూ, తల..."

విక్టోరియా ఆమె మొహంలోకి చూసింది. తిరిగి గడప దాటి, మెట్టు దిగి, చెప్పులు తొడుక్కోకుండానే, ఆ ఎండలో ఆడవాళ్ల మధ్యకు నడిచింది.